కోరంగిలో పాత ఓడల డాక్ ఎక్కడుండేదో ఎవరికైనా తెలుసా?

నమస్కారమండి, మాది తాళ్ళరేవు దగ్గర, మా తాతయ్య చెక్క ఓడలు కట్టే మేస్త్రి. 1802లో ఎబెనేజర్ రోబక్ అనే ఇంగ్లీషాయన కోరంగిలో డాక్, అంటే ఓడలు రిపేరు చేసే గుంట, పెట్టాడనీ, ఆల్బట్రాస్ అనే బ్రిటిష్ నేవీ ఓడ కూడా అందులో రిపేరుకొచ్చిందనీ చదివాను. పోటు మీద ఓడని లోపలికి లాగి, దారి మూసి, నీళ్ళు తోడేస్తే అడుగు పలకలు బయటపడతాయి, అప్పుడు సందుల్లో నార కూరి పైన కీలు (తారు) పూసేవాళ్ళంట, తాతయ్య చెప్పేవారు. తర్వాత 1839 తుఫాను, దాంతో పాటు నది మేటలు, ఆ పెద్ద రేవు పోయింది. మన దగ్గర నేవీ ఓడలు బాగైన చోటు ఆనవాలు లేకుండా పోతే బాధగా ఉంటుందండి. ఇప్పుడు చూస్తే మడ అడవీ, రొయ్యల చెరువులూ, అసలా డాక్ గుంట ఏ పక్కనుండేదో పెద్దవాళ్ళెవరైనా చెప్పగలరా, పాత సర్వే మ్యాపులు కావాలంటే కాకినాడలో ఎవర్ని అడగాలి?