టర్బో పెట్రోల్ ఇంజిన్: 5డబ్ల్యూ-30 ఆయిల్ వదిలి 5డబ్ల్యూ-40 వేయొచ్చా?

నా బండిది 2 లీటర్ల టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే రకం), 62,000 కిలోమీటర్లు తిరిగింది. వాడేది ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిల్; 5డబ్ల్యూ-40 అయితే వేడి మీద దీనికంటే చిక్కగా ఉంటుంది. మామూలుగా నడిపితే ఏ పేచీ లేదు. ఓ 20 నిమిషాలు గట్టిగా తొక్కాక, ఆయిల్ వేడి 125 డిగ్రీలు దాటిందంటే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే) ఆయిల్ ప్రెషర్ తగ్గిందని చెప్పే లైటు మిణుకుమంటుంది. కాస్త యాక్సిలరేటర్ తొక్కితే ఆరిపోతుంది.

ఫిల్టర్, ప్రెషర్ సెన్సర్ రెండూ మార్చాను. మెకానికల్ గేజ్ బిగించి చూస్తే 0.4 బార్, అంటే లైటు అబద్ధం చెప్పట్లేదు. కొత్త ఆయిల్ పోస్తే 1,500 కిలోమీటర్ల దాకా బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే కథ. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గాల్సింది పోయి 3 మిల్లీమీటర్లు పెరిగింది. గుడ్డకి తుడిచి వాసన చూస్తే పెట్రోలే!

మాన్యువల్ రెండు గ్రేడ్‌లనూ ఒప్పుకుంటుంది. కానీ చిక్కటి ఆయిల్ అసలు జబ్బుని దాచేస్తుందేమోనని టెన్షన్. ఇలా పెట్రోల్ కలిసే ఇంజిన్‌లో 5డబ్ల్యూ-40కి మారినవాళ్లకి, వేడి మీద ఐడిల్ ప్రెషర్ తర్వాతి ఆయిల్ మార్పు వరకు నిలబడిందా?