మా మహిళా వారసత్వ సంఘానికి హయత్ బక్షీ బేగం పేరు తగునా?

ప్రశ్న: హయత్‌నగర్‌లో మేము 15 మంది మహిళలం కలిసి పాత కట్టడాలను చూసి, వాటి చరిత్రను పిల్లలకు చెప్పే సంఘంగా ఏర్పడుతున్నాము. దానికి హయత్ బక్షీ బేగం పేరు పెడదామని కొందరు, రాణివాసంలో గడిపిన స్త్రీ పేరెందుకని మరికొందరు అంటున్నారు. పెద్దలు తెలియజేయగలరు.

జవాబు: అమ్మా, మీ ఊరి పేరే ఆమెది కదా! మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె అయిన ఆమె, 1626లో 12 ఏళ్ల ప్రాయంలో గద్దెనెక్కిన కుమారుడు అబ్దుల్లాకు అండగా నిలిచి రాజ్య వ్యవహారాలను నడిపించారు. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు స్వయంగా అతని శిబిరానికి వెళ్ళి సంధి మాట్లాడారు. రాణివాసమంటే తెర వెనుక కూర్చోవడమేనని అనేవారికి ఈ ఒక్క సంగతి చాలు.

మరొక జవాబు: ఆ సంధి ఊరికే కుదరలేదండీ. భారీ కప్పంతో పాటు, అబ్దుల్లా కుమార్తెను ఔరంగజేబు కుమారునికిచ్చి వివాహం చేయవలసి వచ్చింది. మీ పరిచయపత్రంలో ఆ మనవరాలి ప్రస్తావన కూడా ఉంటే బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారు: తప్పక చేరుస్తామండీ. తొలి సమావేశం మా హయత్ బక్షీ మసీదు వద్ద, తరువాతది కుతుబ్ షాహీ సమాధులలో ఆమె సమాధి వద్ద జరుపుకుంటాము.