పఠన పట్టికలో సంతకం: ఇంటి బాధ్యతా, బడి బాధ్యతా?

ఎర్రమట్టి (చర్చ ప్రారంభం)

పల్నాడు జిల్లాలోని మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాలలో నేను యాజమాన్య కమిటీ సభ్యుణ్ణి. రెండు నెలల కిందట జరిగిన సమావేశంలో ప్రధానోపాధ్యాయులు ఒక ప్రతిపాదన పెట్టారు. 3 నుంచి 5 తరగతుల పిల్లలందరూ రోజూ రాత్రి ఇంటి దగ్గర పావుగంటసేపు కథల పుస్తకాన్ని పైకి చదవాలి, విన్నట్టుగా అమ్మగాని నాన్నగాని ఒక పట్టికలో సంతకం చేయాలి, నెలకు 20 సంతకాలు వచ్చిన పిల్లలకు ప్రార్థన సమయంలో అందరి ముందూ బహుమతి ఇవ్వాలి అన్నది దాని సారాంశం. వినడానికి బాగుంది కనుక అందరం తలలూపాం, తీర్మానాల పుస్తకంలో సంతకాలూ చేశాం. అలా చేసినవారిలో ముగ్గురు వేలిముద్ర వేశారన్న సంగతి ఇంటికి వచ్చాక గాని నాకు తట్టలేదు.

ఆ తరువాత జరిగింది చెబుతాను. మిరప కోతలు మొదలయ్యాయి. ఎస్సీ కాలనీ నుంచీ, వడ్డెర పేట నుంచీ తల్లులు తెల్లవారకముందే ఆటోల్లో పొలాలకు వెళ్ళి, చీకటి పడ్డాక వస్తున్నారు. వచ్చి పొయ్యి వెలిగించేసరికి పిల్లలు నిద్రపోతున్నారు. నెల తిరిగేసరికి బహుమతులన్నీ ఊళ్ళో చదువుకున్న కుటుంబాల పిల్లలకే వెళ్ళాయి, అందులో మా అమ్మాయి కూడా ఉంది. దాని స్నేహితురాలు మాత్రం తల్లి సంతకాన్ని తల్లికంటే గుండ్రంగా పెట్టడం నేర్చుకుంది.

చదివించడం అనవసరమని నేను అనడం లేదు. దేశంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 27.3 శాతం, కరోనా తరువాత 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం అని, పల్లెల్లో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలు చెప్పాయి. అంటే పడిపోయినది లేచి, మళ్ళీ పాత చోటికే వచ్చింది, ఆ పాత చోటు కూడా నలుగురిలో ఒక్కరు చదవగలిగే చోటు. కాబట్టి నా ప్రశ్న ఒక్కటే: ఇంట్లో చదివించడాన్ని సంతకంతో తప్పనిసరి చేయడం న్యాయమా? వచ్చే సమావేశంలో ఈ తీర్మానాన్ని రద్దు చేయమని అడగాలని నా ఉద్దేశం. తప్పయితే చెప్పండి.

చాక్‌పీస్

ఎర్రమట్టి గారూ, రద్దు చేయవద్దని కోరుతున్నాను. నేను 19 ఏళ్ళుగా ప్రాథమిక తరగతులకు చెబుతున్నాను. ఈ ఏడాది నా గదిలో రెండు తరగతులు కలిపి 34 మంది ఉన్నారు. ఒక్కొక్కరి చేత మూడు నిమిషాలు పైకి చదివించి వింటే 102 నిమిషాలు పడుతుంది, తక్కిన 33 మంది ఆ వేళంతా ఏం చేస్తారో మీ ఊహకే వదిలేస్తున్నాను. బడి చేయలేనిది ఈ ఒక్కటే, ప్రతి బిడ్డా చదువుతుండగా పక్కన కూర్చుని వినడం.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలుగు చదవడం నేర్పినవారికి తెలుస్తుంది. అక్షరాలూ గుణింతాలూ వచ్చిన పిల్లవాడు కూడా ‘ప్రయత్నిస్తున్నాడు’ అన్న మాట దగ్గర ఆగుతాడు. ప్రకు రావొత్తు, త్నకు నావొత్తు, స్తుకు తావొత్తు కూడబలుక్కుని చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివాడో మరచిపోతాడు, ఇక వాక్యానికి అర్థం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ తడబాటు పోవాలంటే తెలిసిన చిన్న కథనే నాలుగైదుసార్లు పైకి చదవాలి. అందుకు కావలసింది తప్పులు దిద్దే మేష్టారు కాదు, ‘తరువాత ఏమైంది?’ అని అడిగే మనిషి. వినడానికి అక్షరం రానక్కరలేదు. సంతకం రాని తల్లి పట్టికలో చుక్క పెట్టినా నేను ఒప్పుకుంటాను.

పట్టిక లేని రోజులు కూడా నేను చూశాను. శనివారం పుస్తకాలు ఇంటికి పంపితే, సోమవారం మడత నలగకుండా తిరిగి వచ్చేవి. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ అంతటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగినప్పుడు మా బడికి ఎన్నడూ రానివారు కూడా వచ్చారు, పిల్లల ప్రగతి పత్రాలు అందుకున్నారు, భోజనం చేశారు, ఎంతో సంతోషం కలిగింది. అయితే ఆ ఒక్క రోజు వెళ్ళిపోయాక మిగతా రోజుల్లో బడికీ ఇంటికీ మధ్య నడిచేది ఆ పిల్లల సంచి ఒక్కటే. అందులో ఒక కాగితం ఉండడం తప్పు కాదు.

కుట్టుమిషన్

నేను హనుమకొండ దగ్గరి ఒక ఊళ్ళో బట్టలు కుడతాను, ఇద్దరు పిల్లలు ప్రభుత్వ బడిలోనే చదువుతున్నారు. ‘వినడానికి అక్షరం రానక్కరలేదు’ అన్న టీచరమ్మ మాట మంచి మనసుతో అన్నదే, కాని అది సగమే నిజం. మా బాబు చదివేది ఇంగ్లీషు మీడియం. ఇంటికి పంపిన కథల పుస్తకం కూడా ఇంగ్లీషుదే. వాడు గడగడా చదువుతాడు, నేను కత్తెర పక్కన పెట్టి వింటాను. ఒకరోజు కరెంటు పోయింది. చీకట్లోనూ వాడు ఆపకుండా చదువుతూనే ఉన్నాడు! కంఠతా వచ్చిన మాటలు అప్పజెబుతున్నాడని అప్పుడు తెలిసింది. అప్పటికి నేను పట్టికలో 11 సంతకాలు పెట్టి ఉన్నాను.

పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లీషూ ఉండడం నాకు నిజంగా మేలు చేసింది. తెలుగు పేజీ మీద వేలు పెట్టి, ‘ఇక్కడ ఏముందో అక్కడ చూపించు’ అని అడగగలుగుతున్నాను. కథల పుస్తకాలు కూడా అలాంటివి పంపితే నా సంతకానికి ఒక విలువ ఉంటుంది.

బడి పనుల్లో మా పాత్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. నేను కూడా ఒకసారి సభ్యురాలిగా ఉన్నాను. సమావేశం ఎప్పుడూ పగలు 11 గంటలకే. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆ పూట పోతే రెండు జాకెట్ల కూలి పోయినట్టే. అలా పోగొట్టుకుని వెళ్ళిన రోజున, అప్పటికే రాసి ఉన్న తీర్మానం కింద సంతకం చేయమన్నారు. మా రాష్ట్రంలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, బడి మరమ్మతుల బాధ్యతను మహిళా సంఘాల చేతికి ఇచ్చారు. మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు పనులు చూసుకోగలమని మమ్మల్ని నమ్మారు, సంతోషమే. అయితే మా పిల్లలు ఏ పుస్తకాలు చదవాలని మీకుంది అని ఇంతవరకు ఒక్కరూ మమ్మల్ని అడగలేదు. మాకు వచ్చేది ఎప్పుడూ పూర్తయిన నిర్ణయమే, దాని కింద చుక్కల గీత.

పాత లైబ్రేరియన్

ముగ్గురూ సంతకం గురించే మాట్లాడుతున్నారు. పుస్తకం ఏది అని అడుగుతున్నాను.

ప్రతి బడిలోనూ వార్తాపత్రికలూ, మ్యాగజైన్లూ, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ ఉన్న గ్రంథాలయం ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. ప్రభుత్వ బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ గ్రాంటు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఆ డబ్బుతో కొన్నవి ఎక్కడున్నాయి? బీరువాలో. బీరువాకు తాళం. తాళం ఎందుకంటే, స్టాకు రిజిస్టరులో ఎక్కిన పుస్తకం పోతే తనిఖీలో జవాబు చెప్పవలసింది ఉపాధ్యాయుడే. నలుగురు పిల్లల చేతులు మారితే 32 పేజీల పుస్తకానికి అట్ట ఊడిపోతుంది. ఊడిపోవాలి కూడా. నా ఉద్యోగ జీవితంలో చెక్కుచెదరని పుస్తకమంటే ఎవరూ చదవని పుస్తకమనే లెక్క.

ఇది మనకు కొత్త పాఠం కాదు. 1935లో కృష్ణా కాలువ మీద కొల్లూరు ప్రాంతంలో పడవలో గ్రంథాలయాన్ని నడిపారు. చదువరులు రాలేదని పుస్తకాలను అటక ఎక్కించలేదు, చదువరులున్న రేవుకే పడవను తీసుకువెళ్ళారు. ఇప్పుడు మనం కడుతున్న ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంది, శాఖా గ్రంథాలయాలూ ఉన్నాయి. (ఆ పన్నును స్థానిక సంస్థలు సక్రమంగా జమ చేస్తున్నాయా అన్నది ఇంకొక పెద్ద చర్చ, ఇక్కడ వద్దు.) సాయంత్రం తెరిచి ఉండే శాఖా గ్రంథాలయానికి వారానికి ఒకరోజు బడిపిల్లలను వరుసలో తీసుకువచ్చే ఊళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

ఎర్రమట్టి గారూ, రద్దు చేయడం కంటే మీ కమిటీ చేయగలిగిన పని ఒకటి ఉంది. ఏడాదిలో పదింట ఒక పుస్తకం చిరిగినా పోయినా కమిటీ దానిని వాడకంలో అరుగుదలగా లెక్కిస్తుందనీ, ఉపాధ్యాయుల నుంచి వసూలు చేయరాదనీ తీర్మానించండి. తనిఖీకి వచ్చినవారు దానికి ఎంత విలువ ఇస్తారో నేను హామీ ఇవ్వలేను గాని, తల్లిదండ్రుల సంతకాలతో అలాంటి కాగితం ఒకటి ఉంటే ఉపాధ్యాయుడికి ధైర్యం వస్తుంది.

ప్లేనో నాన్న

టెక్సస్‌లో ఉంటున్నాను, దూరం నుంచి మాట్లాడుతున్నందుకు మన్నించండి. ఇక్కడి ప్రాథమిక బడుల్లో ఇలాంటి పట్టికలు మామూలే. మా అబ్బాయికి రోజుకు 20 నిమిషాలు. వాడు వంటింటి టైమరు పెట్టుకుని, అది మోగగానే వాక్యం మధ్యలోనే పుస్తకం మూసేసేవాడు. ఆదివారం తెలుగు బడిలో పట్టిక లేదు, అయినా అక్కడి వాచకాన్ని వాడు తనంతట తానే తీసేవాడు. నరసరావుపేటలో ఉన్న మా అమ్మ ఫోనులో వింటుందని, విని నవ్వుతుందని.

చాక్‌పీస్

ప్లేనో నాన్న గారూ, మీ అబ్బాయి టైమరు మోగగానే మూసిన పుస్తకం మీ ఇంట్లో ఉన్న ఎన్నో పుస్తకాల్లో ఒకటి అయి ఉంటుంది. నా తరగతిలో చాలామంది ఇళ్ళలో కొత్త పాఠ్యపుస్తకాలు తప్ప వేరే అచ్చు కాగితం ఉండదు. కాబట్టి ఆ పోలికను నేను పూర్తిగా ఒప్పుకోలేను. కాని మీ అమ్మగారి సంగతి చదివాక ఒకటి ఒప్పుకుంటున్నాను: పిల్లవాడిని చదివించినది వినే మనిషి, నేను పట్టికతో ఆ మనిషిని పుట్టించాలని చూశాను. బహుమతి ఇవ్వడం తప్పే. ఎర్రమట్టి గారు చెప్పిన ఆ దొంగ సంతకం ఆ బహుమతి కోసం పెట్టినదే, లేకపోతే ఆ పిల్లకు దాని అవసరం ఏముంది? ఆ పిల్లను తప్పుపట్టలేను.

లైబ్రేరియన్ గారు చెప్పిన భయం కూడా నిజమే. పాత బడిలో ఆరు పుస్తకాలు తగ్గాయని నా జేబులో నుంచి కట్టాను. ఆ తరువాతి ఏడాది బీరువా తెరవడానికి నా చేయి రాలేదు, ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

అయినా పట్టికను తీసేయమని మాత్రం అనను. సంతకం గడిని తీసేసి, దాని స్థానంలో ‘ఎవరికి చదివి వినిపించావు?’ అన్న గడి పెడతాను. అమ్మమ్మ, పక్కింటి అన్న, ఆటో మామయ్య, ఎవరైనా సరే. అది పిల్లలే రాస్తారు. అబద్ధం రాసినా అది వాళ్ళు రాసిన ఒక వాక్యమే కదా!

కుట్టుమిషన్

ఆ గడి బాగుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి, టీచరమ్మా. ‘ఎవరైనా సరే’ అంటే మా వాడల్లో అది ఏడో తరగతి అక్క మీద పడుతుంది. నీళ్ళు పట్టడం, అంట్లు తోమడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం ఇప్పటికే ఆ పిల్ల పనే. దానికి తోడు వినే పని కూడా కలిస్తే, ఆమె చదువుకు ఎవరు కూర్చుంటారు? ఆమె వింటే ఆమెకూ ఒక పుస్తకం ఇవ్వండి, తన కోసం.

ఎర్రమట్టి

రద్దు అడగాలన్న నా ఉద్దేశం మార్చుకున్నాను, మొత్తంగా కాదు. బహుమతి తీసేయాలి, సంతకం గడి మారాలి, అరుగుదల తీర్మానం చేయాలి, రెండు భాషల కథల పుస్తకాలు కొనాలి అన్న నాలుగు అంశాలు రాసుకున్నాను. చాక్‌పీస్ గారితో నాకు ఇంకా ఒక భేదం ఉంది: కోతలు ముగిసేదాకా ఆ రెండు కాలనీల పిల్లల చేత బడి వదిలాక బడిలోనే అరగంట చదివించాలని నేను అడుగుతాను. ఆ భారం ఉపాధ్యాయుల మీద పడుతుందని తెలుసు. రోజుకొకరం చొప్పున సభ్యులమే వచ్చి కూర్చుంటామని చెప్పబోతున్నాను, ఎంతమంది వస్తారో చూడాలి.

కుట్టుమిషన్ గారు చెప్పినట్టు సమావేశాన్ని సాయంత్రం పెట్టమని ప్రధానోపాధ్యాయులకు నిన్న ఫోను చేశాను. ఏడు గంటలకు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆయన ఉండేది నరసరావుపేటలో. ఆఖరి బస్సు ఎనిమిదింటికి. నాలుగు అంశాల్లో దేనిని ముందు పెట్టాలో ఎవరైనా చెబితే బాగుంటుంది, నాలుగూ అయ్యేలా లేవు.

పాత లైబ్రేరియన్

అరుగుదల తీర్మానం ముందు పెట్టండి. మిగతావి బస్సు వెళ్ళిపోయాక కూడా మాట్లాడుకోవచ్చు, దానికి మాత్రం ఆయన సంతకం కావాలి.