ఒక్కరే వస్తే రైడ్ ఎక్కనివ్వరు: ఏ రైడ్‌కి, ఎందుకు?

ఒంటిపక్షి (ప్రశ్న)

పార్కుల్లో, ఎగ్జిబిషన్లలో కొన్ని రైడ్ల దగ్గర “ఒక్కరిని ఎక్కించం, ఇద్దరైతేనే రండి” అంటారు. కొన్నిటికి ఆ పేచీయే ఉండదు. ఆపరేటర్‌ని అడిగితే “రూల్ అంతే సార్” అంటాడు, గట్టిగా అడిగితే “బ్యాలెన్స్ పోతుంది” అంటాడు. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పగలరా? జెయింట్ వీల్, బ్రేక్ డ్యాన్స్ (గిరగిరా తిరిగే బండ్లు), కొలంబస్ (ఊగే ఓడ), రాఫ్ట్ (గాలి నింపిన తెప్ప) మీద జారే వాటర్ స్లైడ్, రోలర్ కోస్టర్: వీటిలో దేనికి ఈ నియమం నిజంగా భద్రత కోసం, దేనికి సీట్లు నిండటం కోసం?

ఇంకోటి. ఏడేళ్ల పాపని (118 సెం.మీ., 21 కిలోలు) పెద్దవాళ్లతో కలిపి ఎక్కిస్తే ఎటువైపు కూర్చోబెట్టాలి? ఒక్కో చోట ఒక్కోలా చెబుతున్నారు.

సంతలో_చందమామ

జెయింట్ వీల్ సంగతి బ్యాలెన్సే. ఎక్కించేటప్పుడు గమనించండి, ఒక తొట్టి నింపాక దాని పక్కది నింపరు. సగం చుట్టు తిప్పి ఎదుటిది నింపుతారు. పన్నెండు తొట్లుంటే 1, 7, ఆ తర్వాత 4, 10, ఇలా పోతారు. ఒకవైపే బరువు పడితే దాన్ని పైకి లాగడానికి మోటారు మూలుగుతుంది. పైభాగం దాటాక ఆ బరువే చక్రాన్ని కిందికి లాగుతుంది, అప్పుడు బ్రేకు మీద భారం. అంచుకి కేబుల్ చుట్టో, రబ్బరు టైరు ఆనించో తిప్పే చిన్న చక్రాలకి ఇది మరీ ఎక్కువ. టైరు పట్టు వదిలి జారుతుంది, వాన పడి అంచు తడిసిందంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఒక్కరిని ఎక్కించరు.

నట్టుబోల్టు

చివరి వాక్యం తప్ప మిగతాదంతా ఒప్పుకుంటానండి.

పన్నెండు తొట్లు, తొట్టికి నలుగురు, మనిషికి 60 కిలోలు వేసుకోండి. నిండు చక్రం మీద జనం బరువు 2,880 కిలోలు. పక్కపక్క తొట్లు మూడు నింపి ఎదురు ఖాళీగా వదిలితే 720 కిలోల తేడా. మీరు చెప్పిన బాధలన్నీ అప్పుడు వస్తాయి. ఒక్క మనిషి తెచ్చే తేడా 60 కిలోలే. అంతమాత్రానికే జారిపోయే చక్రమైతే దాన్ని అసలు తిప్పకూడదు.

ఒక్కరి వల్ల బ్యాలెన్స్ పోయేది చక్రానికి కాదు, తొట్టికి. ఎదురెదురు బల్లలున్న తొట్టి పైనున్న ఇరుసుకి వేలాడుతుంది. ఖాళీ తొట్టి 150 కిలోలు, దాని గరిమనాభి (బరువంతా ఒకేచోట ఉన్నట్టు లెక్కవేసే బిందువు) ఇరుసుకి 80 సెం.మీ. కింద ఉందనుకుందాం. 70 కిలోల మనిషి మధ్య నుంచి అరమీటరు పక్కగా, ఇరుసుకి 60 సెం.మీ. దిగువన కూర్చున్నాడు. లెక్క వేస్తే తొట్టి దాదాపు 12 డిగ్రీలు ఒరుగుతుంది. తొట్టి వెడల్పు 1.2 మీటర్లయితే ఆ పక్క అంచు సుమారు 10 సెం.మీ. కిందికి దిగుతుంది. పైన గాల్లో ఉన్నప్పుడు అది భయం మాత్రమే. కింద ప్లాట్‌ఫారం దగ్గరికొచ్చేసరికి ఆ అంచు చెక్కకి తగులుతుంది, లేదా దిగేవాడి కాలు ఆ సందులో పడుతుంది. ఎదుటి బల్ల మీద ఇంకొకరు కూర్చుంటే ఒరగడం పోతుంది. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటే ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. కాబట్టి “ఇద్దరు ఉండాలి” అన్నది సగం నియమమే, “ఎదురెదురుగా” అన్నది మిగతా సగం. దాన్ని చెప్పే ఆపరేటర్ తక్కువ.

దీనికి భిన్నంగా లండన్ ఐ చూడండి. 135 మీటర్ల ఎత్తు, 32 క్యాప్సూల్స్, ఒక్కోదానిలో 25 మంది దాకా. క్యాప్సూల్ వేలాడదు. చక్రం అంచుకి బయట బిగించి ఉంటుంది, దాన్ని మట్టంగా ఉంచేది మోటార్లు. అందులో మీరు ఏ మూల నిలబడినా ఒరగదు.

తలుపు లేని, ముందు కమ్మీ మాత్రమే ఉండే పాతకాలం సీటు చక్రాలకి వేరే కారణాలున్నాయి. కరెంటు పోయి పైన ఆగిపోతే, ఒక్కొక్క తొట్టిని కిందికి తెచ్చి దించేసరికి చాలాసేపు పడుతుంది. ఒంటరిగా ఉన్న మనిషికి భయం పుట్టి లేచి నిలబడినా, కమ్మీ తీసినా పట్టుకునేవారు ఉండరు. కింద ఉన్న ఆపరేటర్‌కి కనిపించదు కూడా. ఎత్తులో తనకు తానే హాని చేసుకునే మనిషి గురించిన జాగ్రత్త కూడా ఇందులో ఉంది. దాన్ని బోర్డు మీద రాయరు, రాయకపోవడమే మంచిది. ఆపరేటర్ “బ్యాలెన్స్” అని ఊరుకునేది ఇందుకు కూడా.

లాప్‌బార్

బ్రేక్ డ్యాన్స్, ట్విస్ట్, డ్రాగన్‌లా వేగంగా గుండ్రంగా తిరిగేవి: వీటిలో అసలు విషయం సీటు వెడల్పు, ఇద్దరి ఒళ్లోకీ ఉమ్మడిగా పడే కమ్మీ.

ఇద్దరి సీటు మీద ఒక్కరు కూర్చుంటే పక్కన ఆనడానికి ఏమీ ఉండదు. తిరిగే వేగానికి లోపలి అంచు నుంచి బయటి అంచుకి జారి తుంటి, మోచెయ్యి కొట్టుకుంటాయి. తోసే దిశ మారే రైడ్ అయితే అటూ ఇటూ రెండు దెబ్బలు. నునుపు ఫైబర్ సీటు, పైన జారే గుడ్డ ప్యాంటు: ఇంకేం కావాలి. కొన్నిచోట్ల ఒంటరివాళ్లని బయటి అంచుకి ఆనుకుని కూర్చోమంటారు, అది సరైన పద్ధతే. జారడానికి చోటే మిగలదు.

ఇక పాప సంగతి. బయటికి తోసే బలం ఎప్పుడూ ఒకే వైపు ఉండే రైడ్లలో (ట్విస్ట్, కొండలెక్కి దిగుతూ గుండ్రంగా పోయే బండ్లు) పెద్దవాళ్లు బయటి వైపు, పిల్లలు లోపలి వైపు. తారుమారైతే 80 కిలోల మనిషి పిల్ల మీదికి జారతాడు. పక్కకి ఒక జీ బలం (అంటే మనిషి సొంత బరువంత తోపు) ఉందంటే పాప పక్కటెముకల మీద 80 కిలోల మూట పెట్టినట్టే. సీటు మీద బాణం గుర్తు, “పెద్దవారు ఇటు” అన్న రాత ఉండేది ఇందుకే. బ్రేక్ డ్యాన్స్‌లో బండి తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది కాబట్టి బయటి వైపు మారిపోతూ ఉంటుంది. అక్కడ సొంత లెక్క వేయకుండా ఆ గుర్తునే పాటించండి.

అసలు చిక్కు కమ్మీతో. ఉమ్మడి కమ్మీ ఇద్దరిలో లావుగా ఉన్నవారి తొడ దగ్గర ఆగిపోతుంది. పెద్దాయన తొడ మందం 18 సెం.మీ., పాపది 9 అనుకుంటే, పాప ఒళ్లో 9 సెం.మీ. ఖాళీ. తోడు ఉన్నందువల్లే పిల్ల వదులుగా ఉంటుందన్నమాట. “పెద్దవాళ్లతో అయితే భద్రం” అనే మాట ఇక్కడ నిలవదు. కమ్మీ దిగాక పాప తొడకీ కమ్మీకీ మధ్య మీ పిడికిలి దూరితే దిగిపోండి, టికెట్ డబ్బులు పోయినా సరే. చేత్తో పట్టుకుంటాలే అనుకోవద్దు. 21 కిలోల పిల్ల రెండు జీల దగ్గర 42 కిలోలు.

అమెరికా డిజైన్ ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2291లో సీటు కమ్మీలకి ఐదు తరగతులున్నాయి. రెండు, మూడు తరగతుల్లో ఉమ్మడి కమ్మీ పెట్టుకోవచ్చు. నాలుగు, ఐదులో మనిషికొకటి ఉండి తీరాలి. ఒంటరివాళ్లకి దీనివల్ల ఒక తేలిక గుర్తు దొరుకుతుంది: మనిషికొక కమ్మీ ఉన్న రైడ్‌లో ఒక్కరని ఆపడానికి మామూలుగా కారణం ఉండదు. ఉమ్మడి కమ్మీ కనిపిస్తే అడిగి లైన్‌లో నిలబడండి.

నీటిజారు

రాఫ్ట్ స్లైడ్లలో ఈ నియమం వంద శాతం భద్రత కోసమే. ఇక్కడ బతిమాలి ప్రయోజనం లేదు.

నలుగురు పట్టే గుండ్రటి రాఫ్ట్‌లో ఒక్కరు కూర్చుంటే బరువంతా ఒక అంచు మీద. మలుపులో గోడ ఎక్కేటప్పుడు ఎదుటి అంచు లేస్తుంది, కింద నీళ్లు దూరి బోల్తా కొట్టిస్తుంది. ఇద్దరే ఉంటే పక్కపక్కన కాదు, ఎదురెదురుగా కూర్చోవాలి. గరాటులా ఉండే స్లైడ్‌లో మరో బాధ. తక్కువ బరువున్న రాఫ్ట్‌కి ఊపు చాలక అనుకున్నంత ఎత్తు ఎక్కదు, మధ్యలో నెమ్మదించి నిలిచిపోతుంది. వెనక వచ్చే రాఫ్ట్ దాన్ని గుద్దుతుంది. నీటి ధారలతో పైకి నెట్టే వాటర్ కోస్టర్లలో దీనికి తలకిందులు: అక్కడ బరువు ఎక్కువైతే ఎక్కదు. కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని రెండు అంకెలూ బోర్డు మీద ఉండేది అందుకే. కొన్నిచోట్ల పైన తూకం ఉంటుంది, అందరూ కలిసి దాని మీద నిలబడాలి.

కానీ మొత్తం బరువు ఒక్కటే సరిపోతే చాలదు. అమెరికాలో కాన్సస్ సిటీలో 2014 జూలైలో తెరిచిన వెరూక్ట్ స్లైడ్ దీనికి ఉదాహరణ. ఎత్తు 51 మీటర్లు, ముగ్గురి రాఫ్ట్, ముగ్గురి బరువు కలిపి 400 నుంచి 550 పౌండ్లు (సుమారు 181 నుంచి 249 కిలోలు) ఉండాలన్నది నియమం. 2016 ఆగస్టు 7న వెళ్లిన రాఫ్ట్‌లో మొత్తం ఆ హద్దులోనే ఉంది. కానీ ముందు సీటులో పదేళ్ల బాబు, వెనక బరువైన ఇద్దరు పెద్దవాళ్లు. రెండో గుట్ట మీద రాఫ్ట్ గాల్లోకి లేచింది. పైన కట్టిన వలకి ఆధారంగా పెట్టిన ఇనుప కమాను తగిలి బాబు చనిపోయాడు. 2018లో ఆ స్లైడ్‌ని కూల్చేశారు. ఎంతమంది, ఎంత బరువు, ఎవరు ఎక్కడ: మూడూ కలిస్తేనే నియమం. రాఫ్ట్ దగ్గర కుర్రాడు “మీరు వెనక్కి రండి” అంటే పేచీ పెట్టుకోకండి.

పట్టాలబండి

కోస్టర్, కొలంబస్ మిగిలాయి కదా, నేను చెప్తా.

రోలర్ కోస్టర్‌లో మీరు ఒక్కరే అని కాదు, బండి మొత్తం ఖాళీగా ఉందని ఆపుతారు. పొద్దున్నే చక్రాలు, గ్రీజు చల్లగా ఉంటాయి. ఎదురుగాలి ఉండి, బండిలో జనం లేకపోతే, ఓ గుట్ట ఎక్కలేక వెనక్కి జారి రెండు గుట్టల మధ్య ఆగిపోవచ్చు. అక్కడి నుంచి దాన్ని తీయడానికి సగం రోజు పోతుంది. అందుకే ఉదయం ట్రయల్ ట్రిప్పులు నీళ్లు నింపిన బొమ్మలతోనో, ఇసుక బస్తాలతోనో వేస్తారు, జనం కొంత నిండే దాకా ఆగమంటారు. తన చుట్టూ తాను తిరిగే నాలుగు సీట్ల కోస్టర్ బండిలో మాత్రం ఒక్కరి లెక్క వేరు. బరువు ఒక పక్కకి పడితే బండి విపరీతంగా తిరుగుతుంది, కొన్ని పార్కులు ఇద్దరిని ఎదురెదురుగా కోరేది అందుకు. ఖాళీ సీటు బెల్టు కూడా పెట్టే పంపాలి, లేకపోతే ఊగి పక్కవాడి మొహానికి తగులుతుంది.

కొలంబస్ అంటే టన్నుల బరువున్న ఓడ, దాన్ని కింద నుంచి టైరు నెడుతుంది. మీరు ఒక్కరు ఏ చివర కూర్చున్నా దానికి చీమ కుట్టినట్టు ఉండదు. “పదిమంది వస్తేనే” అంటే అది జనరేటర్ డీజిల్ లెక్క. తప్పనను, వ్యాపారం వ్యాపారమే. కానీ దాన్ని భద్రత అని చెప్పడం నాకు నచ్చదు. అలా చెబితే రేపు నిజంగా భద్రత కోసం ఆపినా ఎవరూ నమ్మరు. కొంచెం జనం ఉంటే రెండు చివర్లా సమంగా నింపుతారు, అది మంచి ఆపరేటర్ గుర్తు.

ఒంటిపక్షి

అందరికీ ధన్యవాదాలు. పాపని ఉమ్మడి కమ్మీ ఉన్నవాటికి తీసుకెళ్లను. ఇంకో సందేహం: అమెరికా, యూరప్ పార్కుల్లో గేటు దగ్గరే ఒంటరివాళ్లని ఆపే చోట్లు ఉన్నాయా?

లాప్‌బార్

ఉన్నాయి. అవి రైడ్ నియమాలు కావు, పిల్లల రక్షణ నియమాలు. లెగోలాండ్ డిస్కవరీ సెంటర్లలో (లెగో బొమ్మ ఇటుకలతో ఆడుకునే ఇండోర్ ఆటస్థలాలు) పిల్లలు వెంట లేని పెద్దవాళ్లని లోపలికి రానివ్వరు. పెద్దల కోసం విడిగా సాయంత్రాలు పెడతారు, లెగో పిచ్చి ఉన్నవాళ్లు వాటికి వెళ్లాలి. పేరు దగ్గరగా ఉందని పొరబడకండి, పెద్ద లెగోలాండ్ పార్కులు వేరు.

రెండో రకం పిల్లల వైపు నుంచి. అమెరికాలోని డిస్నీ పార్కుల్లోకి 14 ఏళ్లలోపు వాళ్లు 14 నిండినవారితోనే రావాలి. ఏడేళ్లలోపు పిల్లలు రైడ్ ఎక్కాలన్నా 14 నిండినవారు తోడుండాలి. కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫార్మ్ 2022 జూలైలో 18 నిండనివాళ్లకి 21 నిండిన పెద్ద మనిషి తోడు తప్పనిసరి చేసింది. ఏ వయసుకి, ఏ రోజులకి వర్తిస్తుందన్నది మారుతూ ఉంటుంది, టికెట్ కొనే రోజున వాళ్ల సైట్ చూసుకోండి.

పట్టాలబండి

ఒంటరిగా వెళ్లేవాళ్లకి అక్కడ లాభం కూడా ఉంది అన్నా. డిస్నీ, యూనివర్సల్‌లో కొన్ని రైడ్లకి “సింగిల్ రైడర్” అని వేరే లైన్. ముగ్గురు వచ్చి నాలుగో సీటు మిగిలితే ఆ లైన్‌లో మొదటివాణ్ని కూర్చోబెడతారు. మామూలు లైన్ కంటే చాలాసార్లు త్వరగా అవుతుంది. సీటు మాత్రం మనం ఎంచుకోలేం, కుటుంబంతో వచ్చి ఈ లైన్‌లో దూరితే విడివిడిగా పంపేస్తారు.

మన దగ్గర అలాంటి లైన్ లేకపోతే, గేటు దగ్గర కుర్రాడితో “ఒక్కణ్నే, బేసి సంఖ్యలో వచ్చినవాళ్లుంటే కలపండి” అని ముందే చెప్పి పక్కన నిలబడండి. ఆడవాళ్లయితే “ఆడవాళ్లతోనే కలపండి” అని అడగొచ్చు, చాలామంది ఆపరేటర్లు వాళ్లే అలా చూస్తారు. మీ బరువుకి దగ్గరగా ఉండే తోడుని అడగండి, ముఖ్యంగా ట్విస్ట్‌లాంటి వాటికి. రాఫ్ట్‌కి మాత్రం కనీసం ముగ్గురు అని ఉంటే ఇద్దరు దొరికేదాకా ఆగాల్సిందే.