నాయనను కర్నూల్లో ఓల్డేజ్ హోమ్‌లో చేర్చాల, బాగా చూసుకుంటారో లేదో ముందే ఎట్ల కనుక్కోవాలి?

తుంగభద్ర పిల్లోడు:

అందరికీ నమస్తే. మాది కర్నూలు, నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. నాయనకు 76 ఏండ్లు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి, ఫిజియోథెరపీ చేపిస్తే ఇప్పుడు ఎవరన్నా పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు, మాట ముద్దముద్దగా వస్తాది, షుగర్ ఉంది, రెండు పూటలా ఇన్సులిన్ వెయ్యాల. ఇన్ని రోజులు అమ్మే చేసుకుంటా వచ్చింది కానీ ఆమెకు మోకాళ్లు అరిగిపోయినాయి. పోయిన నెల రాత్రి రెండింటప్పుడు ఆయన్ను బాత్రూమ్‌కు తీసుకుపోతా ఇద్దరూ కింద పడినారు, పొద్దున పాలాయన వచ్చి తలుపు కొట్టేదాకా అట్లనే ఉన్నారు. ఆ మాట అమ్మ నాకు వారం తర్వాత చెప్పింది.

ఇంటికి మనిషిని పెట్టి చూసినాం, మూడు నెలల్లో నలుగురు మారిపోయినారు. మా దగ్గరికి తెచ్చుకుందామంటే మేముండేది మూడో ఫ్లోర్, లిఫ్ట్ లేదు, ఇద్దరం డ్యూటీకి పోతే పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు.

ఇప్పటికి మూడు హోమ్‌లు చూసినా. ఒకటి కొత్త బిల్డింగ్, గ్రానైట్ ఫ్లోర్, రూముకో టీవీ, నెలకు 22 వేలు. ఆఫీసులో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి ఫోన్లో ఫోటోలు చూపిచ్చినారు, లోపలికి పోదామంటే ఇప్పుడు అందరూ రెస్ట్‌లో ఉన్నారు సార్ అన్నారు. ఇంకోటి పాత ఇల్లు, గోడలకు రంగు పోయింది, 14 వేలు, ఓనరమ్మ చెప్పులిడిసి లోపలికి పోండి అని నేరుగా పంపించింది. మూడోది ట్రస్టు వాళ్లది, నడిచేవాళ్లనే తీసుకుంటాం అన్నారు. ఏది మంచిదో నాకు అర్థం కాలేదు. ఆయన తన కష్టం నోరు తెరిచి చెప్పుకోలేడు, నా భయమంతా అదే. తెలిసినోళ్లు కొంచెం చెప్పండి.

వార్డు అక్క:

తమ్ముడూ, నేను స్టాఫ్ నర్సుగా చేసినా, హోమ్‌ల నుంచి ఆస్పత్రికి వచ్చే పెద్దోళ్లను చానా మందిని చూసినా. మంచం మీద పడుకోబెట్టి బట్టలు మార్చేటప్పుడే తెలిసిపోతాది ఆ మనిషిని ఎట్ల చూసినారో.

ముందు ఒక్క మాట అడుగు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఎంతమంది మెలకువగా ఉంటారు అని. పగలు ఎనిమిది మంది స్టాఫ్ ఉన్నారని అందరూ చెప్తారు, రాత్రికి ఒక్క ఆయా ముప్పై మందికి ఉంటే మీ నాయన బాత్రూమ్ వస్తే ఎవరిని పిలవాల? ఆయన పడింది రాత్రే కదా. మంచం దగ్గర బెల్ ఉందో లేదో చూడు, ఉంటే నువ్వే నొక్కి ఎంతసేపటికి వస్తారో టైమ్ చూసుకో.

రెండోది ఇన్సులిన్. ఎవరు వేస్తారు, నర్సింగ్ చదివిన మనిషేనా, ఎక్కడ పెడతారు అని అడిగి ఫ్రిజ్ తెరిచి చూపించమను. ఇంకా తెరవని ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల, ఫ్రీజర్‌లో పెడితే పనికిరాదు. ఇంకా ముఖ్యం, ఇన్సులిన్ వేసినాక అన్నం ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పుతాది. వంటింట్లో గ్యాస్ అయిపోయిందనో వంటమనిషి రాలేదనో లేటయిన రోజు ఏం చేస్తారో అడుగు. వెంటనే సమాధానం చెప్పినోళ్లకు పని తెలుసు. నీళ్లు నములుతుంటే, ఏం ఉండదు సార్ మేం చూసుకుంటాం అంటుంటే, నాకైతే నమ్మకం ఉండదు.

పక్షవాతం వచ్చినోళ్లలో కొందరికి మింగడం సరిగా రాదు, నీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తుందంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని అనుమానం. మీ నాయనకు అట్లుంటే డాక్టర్‌కు చూపించి రాయించుకోని హోమ్ వాళ్లకు ఇయ్యి. తినిపించేటప్పుడు కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలు పెట్టాల, తిన్నాక అరగంటన్నా పడుకోబెట్టకూడదు. అందుకే భోజనం టైమ్‌కు పో, చెప్పకుండా పో. ఎవరు ఎవరికి తినిపిస్తున్నారు, పడుకోబెట్టి నోట్లో పోస్తున్నారా, ప్లేటు పెట్టేసి పోయి గంట తర్వాత అట్లనే ఎత్తుకపోతున్నారా చూడు.

బెడ్ సోర్స్, అంటే ఒకే పక్క పడుకోని ఒత్తిడికి పడే పుండ్ల సంగతి. కదల్లేని మనిషిని పగలు రాత్రి రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల, నడుము కింద ఎముక, తుంటి, మడమలు, పుండ్లు ముందు పడేది ఇక్కడే. చర్మం మీద మచ్చ కనిపిస్తే వేలితో నొక్కి వదులు, తెల్లబడకుండా అట్లనే ఉంటే అది మొదటి గుర్తు. మనలాంటి నల్లటి ఒంటికి ఎరుపు కనపడదు, చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త నల్లగా, వేడిగా, గట్టిగా తగులుతాది. నువ్వు పోయినప్పుడు దుప్పటి మీద కాదు, దుప్పటి కింద చూడు.

వాసన గురించి కూడా చెప్తా. ఒక్క మంచం దగ్గర మూత్రం వాసన వస్తే అది అప్పుడే జరిగిందేమో. హాలంతా, గుమ్మంలోనే వస్తుందంటే డైపర్లు టైమ్‌కు మార్చడం లేదు. ఫినాయిల్ ఘాటు ముక్కు బద్దలయ్యేలా ఉన్నా అనుమానించు. పొద్దున పదకొండుకు పోతే అందరూ నిద్రలో ఉన్నారంటే ఎందుకో అడుగు, ఏ మందులిస్తున్నారో అడుగు. గోల చేస్తున్నారని నిద్రమాత్రలు వేసి పడుకోబెట్టిన కేసులు మా వార్డుకు వచ్చినాయి.

పాతూరు పెద్దాయన:

ఎత్తుకోని పెంచిన తండ్రిని డబ్బులు కట్టి పరాయోళ్ల చేతిలో పెడతారా. మా కాలంలో ఇట్లాంటివి లేవు నాయనా. కన్న కొడుకు ఉండి ఆశ్రమం ఏంది.

అనంతపురం చిన్నమ్మ:

పెద్దాయనా మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆ మాట మా బంధువులందరూ మమ్మల్ని అన్నారు, అన్నోళ్లలో ఒక్కరూ ఒక్క రాత్రి మా అమ్మ పక్కన పడుకోలేదు. ఈ తమ్ముడి తల్లి కూడా మనిషే కదా, ఆమె మోకాళ్లు ఎవరికి పట్టినాయి.

తమ్ముడూ మా అమ్మను నేను రెండేండ్ల కింద ఒక హోమ్‌లో పెట్టినా. పేరు వద్దులే. నేనుండేది బెంగళూరు, నెలకోసారి వచ్చేదాన్ని, వచ్చే ముందు ఫోన్ చేసేదాన్ని. అదే నేను చేసిన తప్పు. నేను పోయేసరికి అమ్మకు తలదువ్వి, పౌడర్ వేసి, కొత్త దుప్పటి కప్పి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. వీడియో కాల్ ఎప్పుడూ పదకొండుకే చేయించేవాళ్లు, సాయంత్రం చెయ్యండి అంటే నెట్ లేదు అనేవాళ్లు. అమ్మ నవ్వేది. నన్ను బాధ పెట్టకూడదని నవ్వేదని తర్వాత తెలిసింది.

ఒకసారి పని మీద అనంతపురం వచ్చి చెప్పకుండా సాయంత్రం ఏడుకు పోయినా. ఈమెకు నేనే స్నానం చేపిస్తా అని పట్టుబట్టినా. నడుము కింద రూపాయి బిళ్లంత పుండు, లోపలికి పోయింది. ఎన్నాళ్ల నుంచి అంటే ఒకరు రెండు రోజులు అన్నారు, ఒకరు వారం అన్నారు, రిజిస్టర్ చూపించండి అంటే రిజిస్టర్ లేదు. బరువు చూపిస్తే చేర్పించిన రోజుకంటే ఏడు కిలోలు తగ్గింది. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

అందుకని నేను చెప్పేది, చేర్పించే రోజే బరువు చూసి రాసుకో, నెలనెలా చూడమని చెప్పు, నువ్వు కూడా చూడు. 60 కిలోల మనిషి నెలలో 3 కిలోలు తగ్గితే అది చిన్న విషయం కాదు, డాక్టర్ దగ్గరికి పోవాల. పోయిన ప్రతిసారీ వేరే వేరే టైమ్‌కు పో. మీ నాయన మాట్లాడలేడు అంటున్నావు కదా, ఆయన పక్క మంచం మనిషితో స్నేహం చెయ్యి, రెండు అరటిపండ్లు తీసుకుపోయి కూర్చో. నాకు తర్వాత నిజం చెప్పింది పక్క మంచం అవ్వే. మీ అమ్మ రాత్రిళ్లు దాహం దాహం అంటాది తల్లీ, పక్క తడుపుతుందని నీళ్లు ఇయ్యరు అని చెప్పింది. అది విన్న రోజు నుంచి నేను ఏ ఇంటికి పోయినా ముందు మంచం పక్కన నీళ్ల చెంబు ఉందా, చేతికి అందుతుందా చూస్తా.

కడప అబ్బోడు:

అన్నా నీళ్ల సంగతి అక్క చెప్పింది నూటికి నూరు నిజం. మన సీమలో ఏప్రిల్ మే వచ్చిందంటే 43, 44 డిగ్రీలు కొడతాది, రేకుల షెడ్డు కింద పెద్దోళ్లు ఎట్ల ఉంటారు? కరెంటు పోతే ఇన్వర్టర్ ఫ్యాన్లకు వస్తాదా, ఎయిర్ బెడ్ (పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు) మోటర్‌కు వస్తాదా అడుగు. ఎయిర్ బెడ్ ఉంది అని చూపిస్తారు, చానా చోట్ల మోటర్ ఆగిపోయి గాలి పోయి ఉంటాది, చెయ్యి పెట్టి చూడు. ఎండాకాలంలో పెద్దాయన ఉన్నట్టుండి సంబంధం లేకుండా మాట్లాడితే వయసు మీద పడింది అని వదిలేస్తారు, అది నీళ్లు తక్కువై కావచ్చు, యూరిన్ ఇన్ఫెక్షన్ కావచ్చు, ఉప్పు తగ్గి కావచ్చు. మా జేజికి (అవ్వకు) ఒంట్లో ఉప్పు, అంటే సోడియం పడిపోయి రెండు రోజులు మమ్మల్నే గుర్తుపట్టలేదు, సెలైన్ పెట్టి సరిచేస్తే లేచి కూర్చోని సంగటి అడిగింది.

మా జేజిని ఇప్పుడు పెట్టింది చిన్న ఇల్లు, పద్నాలుగు మందే. బయట నుంచి చూస్తే ఏం ఉండదు. కానీ వంటామెకు ఎవరికి నోట్లో పండ్లు లేవు, ఎవరికి సంగటి మెత్తగా కలపాల, ఎవరు ఉప్పు తినకూడదు అన్నీ నోటికి తెలుసు. ఆయాలు మూడేండ్లుగా వాళ్లే. నేను ముందు పోయిన పెద్ద హోమ్‌లో ఆయాను ఎన్నాళ్లైంది అంటే పది రోజులు అనింది, రెండో ఆమె నిన్ననే వచ్చినా అనింది. స్టాఫ్ నెలకోసారి మారుతుంటే మీ నాయన చెయ్యి ఎటు పట్టి లేపాలో ఎవరికీ తెలీదు. ఆయాలకు జీతం టైమ్‌కు వస్తుందా అని పక్కకు పిలిచి అడుగన్నా, అది కూడా చెప్తారు.

ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరిగినోడు:

కాగితాల సంగతి నేను చెప్తా. ముందుగా పెద్దాయన అన్నదానికి, తల్లిదండ్రులు, పెద్దోళ్ల పోషణ కోసం వచ్చిన 2007 చట్టంలో తల్లిదండ్రుల్ని పూర్తిగా వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా లేదా రెండూ అని ఉంది. డబ్బు కట్టి, పోయి వస్తా, మందులు చూసుకుంటా ఉంటే అది వదిలేయడం కాదు, కాబట్టి ఆ భయం పెట్టుకోవద్దు. అదే చట్టంలో జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది పేద పెద్దోళ్లకు సరిపడేలా, రాష్ట్రం పెట్టొచ్చు అని రాసి ఉంది. ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ (ఈ చట్టం కింద కేసులు వినేది) ఉంటాది కానీ అది ముఖ్యంగా పిల్లల నుంచి పోషణ ఇప్పించడానికి, హోమ్ మీద ఫిర్యాదుకు అక్కడికి పోతే తిప్పుతారు, నేను తిరిగినా.

డబ్బు తీసుకోని సరిగా చూడకపోతే అది సర్వీసులో లోపం, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. దానికి నీ చేతిలో రసీదులు ఉండాల. కాబట్టి నెలనెలా ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టు, నోటిమాట మీద క్యాష్ వద్దు. అగ్రిమెంట్‌లో 22 వేలల్లో ఏమేం వస్తాయి, డైపర్లు, ఫిజియో, డాక్టర్ విజిట్ వేరే బిల్లా, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారు, ఆస్పత్రికి తీసుకుపోవాల్సి వస్తే 108కు ఫోన్ చేసి ఎవరు వెంట పోతారు, ఇవన్నీ రాయించుకో. ఏదైనా జరిగితే 14567 ఉంది, పెద్దోళ్ల హెల్ప్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ కూడా పెట్టొచ్చు.

తుంగభద్ర పిల్లోడు:

అందరికీ చానా థాంక్స్. శనివారం రాత్రి ఎనిమిదికి చెప్పకుండా రెండు చోట్లకీ పోయినా. కొత్త బిల్డింగ్‌లో వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపినాడు, విజిటింగ్ అయిపోయింది, రేపు మేడమ్ వచ్చినాక రండి అన్నాడు. లోపల నుంచి ఎవరో పిలుస్తానే ఉన్నారు, నేను అక్కడ నిలబడిన పది నిమిషాల్లో ఎవరూ పోలేదు.

పాత ఇంట్లో ఓనరమ్మ కొంచెం కంగారు పడింది కానీ రానిచ్చింది. ఒక ఆయా ఒక అబ్బకు కూర్చోబెట్టి పప్పన్నం తినిపిస్తా ఉంది, ఆయన మింగేదాకా ఆగి ఇంకో ముద్ద పెడతా ఉంది. రాత్రికి ఇద్దరు ఉంటారు 18 మందికి, ఇద్దరితో మాట్లాడినా. ఇన్సులిన్ ఫ్రిజ్ డోర్‌లో పేర్లు రాసి పెట్టినారు. లోపాలు లేవని కాదు, బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ ఒక పక్కే ఉంది, బరువు చూసే మెషిన్ లేదు, రిజిస్టర్‌లో రెండు రోజులు ఖాళీగా ఉన్నాయి. అడిగితే ఆ రెండు రోజులు నర్సు లీవ్‌లో ఉంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కడ్డీ నేను డబ్బులిస్తా బిగించండి అన్నా, మెషిన్ నేనే కొని ఇస్తున్నా.

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, రోజూ నేను పోయి కూర్చుంటా అంటేనే సరే అనింది, ఇంటి నుంచి ఆటోలో పావుగంట. పదిహేను రోజులు పెట్టి చూద్దాం అనుకున్నాం. నాయనకు పనిచేసేది ఎడమ చెయ్యే, బెల్ మంచానికి కుడి పక్క ఉండింది, మార్చమని చెప్పినా, ఈ పొద్దు ఫోటో పంపినారు, ఎడమ పక్కకు మార్చినారు. గురువారం చేరుస్తున్నాం.

వార్డు అక్క:

మంచిది తమ్ముడూ. చేర్చేటప్పుడు మందుల చీటీ రెండు కాపీలు తీసుకుపో, ఒకటి మంచం దగ్గర పెట్టు. పిక్కల కింద మెత్తటి దిండు పెట్టమని చెప్పు, మడమలు మంచానికి ఆనకుండా. మొదటి వారం అమ్మను రోజూ దుప్పటి తీసి చూడమని చెప్పు, ఏమన్నా కనిపిస్తే ఫోటో తీసి ఇక్కడ పెట్టొద్దు, నాకు మెసేజ్ చెయ్యి.