నింటెండో వీ (Wii)లో వంట గేమ్: గరిటె తిప్పేటప్పుడే చెయ్యి మూలకి పారిపోతోంది

దేశదేశాల వంటలు చేసే కుకింగ్ మామా ఆడుతున్నా, వీ కన్సోల్, రిమోట్ సెకండ్ హ్యాండ్‌ది. తరగడం, ఊపడం లాంటి స్టెప్పులు బానే వస్తున్నాయి, గిన్నెలో గరిటె తిప్పే స్టెప్ వచ్చేసరికి మాత్రం 3, 4 సెకన్లు సరిగ్గా తిరిగి తర్వాత స్క్రీన్ మీద చెయ్యి కుడి మూలకి పారిపోయి అక్కడే వణుకుతోంది, ఈలోగా టైమ్ అయిపోయి గేమ్‌లో వంట నేర్పే మామా కళ్ళల్లో మంటలు (ఆ మొహం చూస్తే నాకే తప్పు చేసినట్టు ఉంటుంది). మెనూల్లో కూడా కుడివైపుకి వెళ్తే కర్సర్ అప్పుడప్పుడు మాయమవుతోంది.

కొత్త బ్యాటరీలు వేశా, రిమోట్ మళ్ళీ సింక్ చేశా, సెన్సిటివిటీ 1 నుంచి 5 దాకా మార్చా, సెన్సర్ బార్ (రిమోట్ గురి చూసుకునే, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) లైట్లున్న పట్టీ) టీవీ పైనా కిందా పెట్టి సెట్టింగ్ కూడా మార్చా, కర్టెన్లు మూసి లైట్లు ఆపేసి 2 మీటర్ల దూరంలో కూర్చున్నా. తేడా లేదు. సెన్సిటివిటీ స్క్రీన్‌లో రెండు చుక్కలు కనబడాలి కదా, ఒకటి వస్తూ పోతూ ఉంది. కానీ ఫోన్ కెమెరాలోంచి చూస్తే బార్ రెండు చివర్లా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పోల్చి చూడ్డానికి ఇంకో రిమోట్ లేదు.

ఇది రిమోట్ ముందున్న ఐఆర్ కెమెరా పోయినట్టా, లేక బార్ మారిస్తే సరిపోతుందా?