"చెరువు మత్తడి దుంకింది" అంటే మీ వైపు ఏమంటారు?

మొన్న రాత్రి అమ్మ ఫోన్ చేసి "మన చెరువు మత్తడి దుంకింది రా" అంది. స్పీకర్ ఆన్‌లో ఉంది. పక్కన అన్నం తింటున్న మా రూమ్మేట్, గుంటూరు వాడు, చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని "అయ్యో, ఎవరు దూకింది? బతికాడా?" అన్నాడు.

నవ్వడం అయ్యాక చెప్పాను. మత్తడి మనిషి కాదు, చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోవడానికి కట్టకు ఓ పక్కన కట్టే రాతి గోడ, దాని మీది నుంచి నీళ్లు పొర్లి కింద పడటాన్నే మేం దుంకడం అంటాం అని. "అలుగు అనొచ్చుగా మరి" అన్నాడు. మాది వరంగల్ వైపు. అలుగు అన్నా అర్థమవుతుంది గానీ నోటికి వచ్చేది మత్తడే.

ఈ మాట మా దగ్గర ఇంతగా నాటుకుపోయిందంటే నేల అలాంటిది. తెలంగాణ చాలావరకు పీఠభూమి, పైన కాస్త మట్టి, కింద గ్రానైటు రాయి. గోదావరి, కృష్ణ రెండూ ఉన్నాయి, కానీ నదులు పల్లంలో, మా పొలాలు మెరకలో. పడ్డ వాన పడ్డచోటే ఆపుకోవాలి. అందుకే వాలు చూసి కట్ట వేశారు, పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే ఇంకో కిందిదానికి. గొలుసుకట్టు అనేది దీన్నే. కాకతీయులైతే పెద్ద చెరువులకు ఏకంగా సముద్రం అనే పేర్లు పెట్టారు. గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ బయ్యారంలో చెరువు కట్టించి శాసనం వేయిస్తే, అందులో కాకతీయుల వంశం వరస కూడా ఉంది. చరిత్ర పుస్తకాల్లో ఆ తాతముత్తాతల పేర్లు చదువుకున్నామంటే అందులో ఓ చెరువు పుణ్యం కూడా ఉందన్నమాట.

సరే, మీ మీ ఊళ్లలో దీన్ని ఏమంటారో చెప్పండి.

చిత్తూరు నుంచి: మేము మొరవ అంటాం. "చెరువు మొరవ పోతా ఉంది" అంటే ఊరంతా చూడ్డానికి పోతారు.

నెల్లూరు నుంచి: మాకు కలుజు.

నల్గొండ నుంచి: మా దగ్గర అలుగే. చిన్నప్పుడు మా తమ్ముడు "చెరువు ఎవరి మీద అలిగింది నాయినా" అని అడిగితే మా నాయిన "మీ అమ్మ మీద" అన్నాడు. ఆ రోజు ఇంట్లో నిజంగానే ఒకరు అలిగారు.

ఇంకొకరు: మత్తడిలో తడి ఉంది కదా, తడి నుంచే పుట్టి ఉంటుంది.

నేనే: అన్నా, ఆ లెక్కన పుత్తడి కూడా తడిసే ఉండాలి.

కవాడిగూడ నుంచి: మాకు ఇక్కడ కట్ట అంటే ట్యాంక్‌బండే. హుస్సేన్‌సాగర్‌కు కూడా మత్తడి ఉంటుందా?

నేనే: ఉండకపోతే కట్ట నిలుస్తుందా? ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువది, 1591లో పుట్టిన ఈ హైదరాబాద్ కన్నా దాదాపు ముప్ఫై ఏళ్లు పెద్దది. వానలప్పుడు టీవీలో "హుస్సేన్‌సాగర్ ఎఫ్‌టీఎల్ 513.41 మీటర్లు" అని స్క్రోలింగ్ వేస్తారు చూడండి, ఎఫ్‌టీఎల్ అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు నిండు మట్టం. నీళ్లు ఆ మట్టం దాటితే మీ కవాడిగూడ, అశోక్‌నగర్ మీదుగా పోయే నాలాలో పడి మూసీలో కలుస్తాయి. ఆ నాలా మొదలు మత్తడే, పేరే మారింది.

ఈ ఎఫ్‌టీఎల్ గురించి ఇంకో మాట. మా బావ ఊరి శివారులో ప్లాట్ కొన్నాక, అదేమిట్రా అని నన్ను అడిగాడు. మత్తడి ఎత్తు దాకా నీళ్లు నిలిస్తే అవి ఎంత దూరం పాకుతాయో అదే బావా, మనూళ్లో శిఖం అంటాం కదా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. పాపం, ప్లాట్ చూసింది ఏప్రిల్‌లో.

మాసబ్ ట్యాంక్ నుంచి: మా ఏరియా పేరు కూడా చెరువుదే. హయాత్ బక్షీ బేగంను మా సాహెబా అనేవారు, మా సాహెబా తలాబ్ కాస్తా మాసబ్ ట్యాంక్ అయింది. నీళ్లు పోయాయి, ట్యాంక్ మిగిలింది, అదీ బస్ బోర్డు మీద.

నల్గొండ నుంచి: నల్లకుంటలో కుంట చూపించండి ముందు.

నేనే: కొసరు ముచ్చట. రూమ్మేట్ ఈ ఆదివారం మా ఊరు వస్తానంటున్నాడు, మత్తడి కింద పరక చేపలు పడతారని చెప్పినప్పటి నుంచీ ఒకటే గోల. ఈత రాదు. ఫోన్‌లో వాళ్లమ్మకు "మత్తడి దుంకడం చూడ్డానికి వెళ్తున్నా" అని చెప్పాడట, ఇప్పుడు ఆమె నాకు ఫోన్ చేస్తోంది.